నీడతోటకు హిమాలయ లిల్లీయేనా?

సంపాదకులకు నమస్కారం.

తోటపని శీర్షికల్లో నీడపడే పెరటికి తగిన మొక్కలంటూ హిమాలయాల కార్డియోక్రైనమ్ లిల్లీ బొమ్మ చూపి ఊరించడం ఈ మధ్య ఎక్కువైంది. 3 మీటర్లదాకా నిటారుగా లేచే కాడ, దాని చివర బాకాల్లా విచ్చుకునే తెల్లని పూలు, వాటి లోపల ఎర్రని చారలు చూస్తే ఎవరికైనా మనసవుతుంది. నేనూ మూడు గడ్డలు తెప్పించి, మామిడిచెట్టు కింద నాటి, మొదటి వేసవికే కుళ్లబెట్టుకున్నాను. అది చల్లని, తేమగల కొండ అడవుల మొక్క. 1852లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పూసిందంటే అక్కడి చల్లదనం దానికి సరిపడింది. పైగా విత్తనం నుంచి పూతకు ఏడేళ్లయినా పట్టవచ్చు, పూసిన గడ్డ ఆ ఒక్కసారితోనే చచ్చిపోతుంది, పక్కన పుట్టిన పిల్లగడ్డలే మిగులుతాయి. ఈ సంగతి అమ్మేవారు చెప్పరు.

మన వేడికి, చెట్ల కింది పలచని నీడకు విషముంగలి, అంటే క్రైనమ్, చక్కగా ఓర్చుకుంటుంది. గడ్డ మెడ నేలపైకి ఉండేలా, నీరు నిలవని చోట నాటితే ఏటేటా పూస్తుంది. దాని గడ్డ మాత్రం విషం. పసిపిల్లలున్న ఇళ్లవారు గమనించాలి.

తోటపని శీర్షికలో మొక్క బొమ్మతోపాటు అది ఏ వాతావరణంలో బతుకుతుందో కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం