పదో వారం గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పరుగు కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం మీ ఆరోగ్య పేజీలో అప్పుడప్పుడు సలహాలు వేస్తుంటారు. ఎలాంటి బూట్లు కొనుక్కోవాలి, మొదటిరోజు ఎంతసేపు నడవాలి, ఎంతసేపు పరుగెత్తాలి, అన్నీ విడమరిచి చెబుతారు. అలాంటిదొకటి చదివే నేనూ మొదలుపెట్టాను, అందుకు మీకు రుణపడి ఉన్నాను. కానీ ఆ సలహాలు ఎప్పుడు చూసినా శిక్షణ పూర్తయిన రోజు దగ్గరే ఆగిపోతాయి. ఆ మర్నాడు ఏం చేయాలో ఉండదు. నేను పరుగు మానేసింది సరిగ్గా అక్కడే. అందుకే ఈ ఉత్తరం.

నాకు 49 ఏళ్లు. ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, రోజంతా కుర్చీలోనే. నేను పట్టుకున్నది ‘కౌచ్ టు 5కే’ అనే 9 వారాల పద్ధతి, అంటే సోఫాలో కూర్చునేవాళ్లను 5 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లేది. జోష్ క్లార్క్ అనే ఆయన 1996లో దీన్ని తయారుచేశారు, వాళ్ల అమ్మలాంటి వాళ్లు కూడా భయపడకుండా చేయగలగాలని. వారానికి మూడు రోజులు. మొదటి వారం ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, అలా 20 నిమిషాలు. ఆ ఒక్క నిమిషానికే నాకు ఆయాసం వచ్చేసింది.

ఐదో వారం మాత్రం జీవితంలో మర్చిపోలేను. రెండో రోజు 8 నిమిషాలు పరుగు, కాస్త నడక, మళ్లీ 8 నిమిషాలు. మూడో రోజు చూస్తే, మధ్యలో నడక అనేదే లేకుండా ఏకంగా 20 నిమిషాలు! ముందురోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున వెళ్లాను. 12వ నిమిషం దగ్గర ఆపేద్దామనుకున్నాను, ఈ శిక్షణ కోసం ఫోన్‌లో పెట్టుకున్న యాప్ గొంతు చెవిలో ‘సగం దాటేశారు’ అంది. ఆ ఒక్క మాట పట్టుకుని మిగతా 8 నిమిషాలు పూర్తిచేశాను. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెబుతుంటే గొంతు వణికింది. పెళ్లయ్యాక నా శరీరంతో నేను సాధించానని చెప్పుకోదగ్గ పని అదే మొదటిది.

తొమ్మిదో వారంలో ఆగకుండా 30 నిమిషాలు పరుగెత్తాను. దూరం 5 కిలోమీటర్లు రాలేదు, 3.9 వచ్చింది. నాకది చాలు. నోట్‌బుక్కులో 27వ టిక్కు పెట్టాను. యాప్ అభినందనలు చెప్పింది. అంతే, ఇక దానిలో ముందుకు ఏమీ లేదు.

సోమవారం పొద్దున బూట్ల తాళ్లు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇవాళ ఎంత పరుగెత్తాలి? చెప్పేవాళ్లు లేరు. 30 నిమిషాలే చేశాను. బుధవారం 22 నిమిషాలకు ఆపేశాను, ఎందుకు ఆపానో నాకే తెలియదు. శుక్రవారం వెళ్లాను, శనివారం మొదలు వర్షాలు. ఆ వెంటనే ఆఫీసులో ఆడిట్. నా నోట్‌బుక్కులో 27 టిక్కుల కింద మూడు టిక్కులు, ఆ తర్వాత ఐదు వారాలు ఖాళీ.

ఆ ఐదు వారాలూ నన్ను నేనే తిట్టుకున్నాను. పట్టుదల లేదు, ఏదీ చివరిదాకా చేయలేను అనుకున్నాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే వేరే సంగతి కనబడింది. ఆ 9 వారాల్లో నేను నిర్ణయించుకోవాల్సింది ఏమీ లేదు. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు పరుగెత్తాలో ఇంకొకరు చెప్పారు. పైగా వారం వారం, అంతకుముందు ఎన్నడూ చేయనిది ఒకటి చేసి ఇంటికి వచ్చేదాన్ని. పదో వారానికి ఆ రెండూ ఒకేసారి పోయాయి. పట్టుదల తొమ్మిదో వారంలో ఎంత ఉందో అప్పుడూ అంతే ఉంది.

అలవాటు పడటం గురించి ఒక పరిశోధన చదివాను. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించారు. ఒక కొత్త పని ఆలోచించకుండా చేసేంత అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందట. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. నీళ్లు తాగడం లాంటి చిన్న పనులకన్నా వ్యాయామానికి ఎక్కువ రోజులు పట్టింది. నేను లెక్కల మనిషిని కాబట్టి వెంటనే కూడిక చేసుకున్నాను: 9 వారాలంటే 63 రోజులు, కానీ అందులో నేను పరుగెత్తింది 27 రోజులే. వాళ్లు రోజూ చేసే పనుల గురించి చూశారు, మనది వారానికి మూడుసార్లే. కాబట్టి తొమ్మిదో వారం అయిపోయేనాటికి శరీరం సిద్ధమవుతుందేమో గానీ అలవాటు మాత్రం ఇంకా కుదురుకోదని నాకు గట్టిగా అనిపిస్తోంది. సరిగ్గా అప్పుడే చేయి వదిలేస్తున్నారు. అదే పరిశోధనలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదని కూడా తేలింది. ఈ ముక్క నాకు ఆ శనివారం తెలిసి ఉంటే బాగుండేది.

ఐదు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. పాత 30 నిమిషాలే చేద్దామని బయల్దేరి 11వ నిమిషంలో ఆగిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మాయి, “అమ్మా, అయిదో వారానికి పోయి అక్కణ్నుంచి మొదలుపెట్టు, మొదటినుంచి అక్కర్లేదు” అంది. నేను ఇంకో వారం వెనక్కి, నాలుగో వారానికి వెళ్లాను. మూడు వారాల్లో మళ్లీ 30 నిమిషాలు వచ్చేశాయి. పరుగు ఆపిన రెండు మూడు వారాలకే దమ్ము తగ్గడం మొదలవుతుంది, కానీ రెండోసారి కూడగట్టుకోవడం మొదటిసారంత కష్టం కాదు. మానేసి సిగ్గుతో ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఈ విషయం చెప్పాలి. చాలామందికి తెలియదు.

ఈసారి పదో వారం నేనే రాసుకున్నాను. సోమవారం 30 నిమిషాలు, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. బుధవారం 20 నిమిషాలే, కానీ ఒక కరెంటు స్తంభం దాకా గట్టిగా పరుగెత్తడం, తర్వాతి స్తంభం దాకా మెల్లగా. దీన్ని ‘ఫార్ట్‌లెక్’ అంటారు, స్వీడిష్ మాట, వేగంతో ఆట అని అర్థం. 1930లలో గోస్టా హోల్మెర్ అనే కోచ్ దీన్ని రూపొందించారు. వారంలో నేను ఎదురుచూసేది ఈ బుధవారం కోసమే. శనివారం కాస్త ఎక్కువసేపు, రెండు వారాలకోసారి 3 నిమిషాలు కలుపుతూ. ప్రతి నాలుగో వారం అన్నీ తగ్గించేస్తాను. ఒకసారి తొందరపడి ఒకేసారి 10 నిమిషాలు పెంచితే మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి వచ్చి పది రోజులు ఆపాల్సి వచ్చింది. గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటు పడతాయి, ఎముకలకు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకు ఎక్కువ సమయం కావాలి. దమ్ముంది కదా అని కాళ్లను తొందరపెట్టకూడదు.

శిక్షణ అయిపోయిందని చెబితే అందరూ నాకిచ్చిన సలహా ఒకటే: “ఇక 10కేకి పేరిచ్చేయండి, వచ్చే ఏడాది హాఫ్ మారథాన్.” కొంతమందికి అది పనికొస్తుంది, కాదనను. కానీ ఆ రేసు అయిపోయిన మర్నాడు మళ్లీ అదే సోమవారం, అదే గుమ్మం. నాకు ఇంకో గమ్యం కన్నా వచ్చే వారానికి ఒక కాగితం కావాలి. ఇంకో మాట: పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరుగు గట్టి వ్యాయామం కిందకే వస్తుంది, మూడు అరగంటల పరుగంటే 90 నిమిషాలు. అంటే తొమ్మిదో వారం దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోయినా ఈ నిమిషాల లెక్కకు ఏ లోటూ లేదు. ఇది తెలిసిన రోజు నా భుజాల మీంచి పెద్ద బరువు దిగినట్లయింది.

తోడు గురించి కూడా చెప్పాలి. లండన్‌లోని బుషీ పార్కులో 2004 అక్టోబర్ 2న 13 మంది కలిసి 5 కిలోమీటర్లు పరుగెత్తారు. పిలిచిన పాల్ సింటన్ హెవిట్ అప్పుడు గాయంతో తాను పరుగెత్తలేని స్థితిలో ఉన్నారు. అదే తర్వాత ‘పార్క్‌రన్’ అనే, వారం వారం అందరూ కలిసి చేసే పరుగుగా ఎన్నో దేశాలకు పాకింది. అందులో అందరికన్నా వెనక నడవడానికే ఒక వాలంటీర్ ఉంటారు, ఎవరూ చివరివాళ్లం అనుకోకుండా. అంత పెద్ద ఏర్పాటు అందరికీ దొరక్కపోవచ్చు. వారంలో ఒక్కరోజు మన కోసం ఎదురుచూసే ఒక్క మనిషి ఉన్నా తేడా తెలుస్తుంది.

నాకు ఆ మనిషి మా ఆఫీసులోనే దొరికింది. నాకన్నా పద్నాలుగేళ్లు చిన్నది. నన్ను చూసి మొదలుపెట్టి ఇప్పుడు తొమ్మిదో వారంలో ఉంది. మొన్న భోజన విరామంలో అడిగింది: “అక్కా, శుక్రవారంతో అయిపోతుంది కదా, ఆ తర్వాత నేనేం చేయాలి?”

సంపాదకుల వారూ, ఈసారి 9 వారాల పట్టిక వేసినప్పుడు దాని కిందే మరో నాలుగు వారాలు వేయండి. మధ్యలో మానేసినవాళ్లు ఎక్కడ మళ్లీ అందుకోవాలో రెండు లైన్లు రాయండి. నిపుణులతో రాయించండి, నాది ఒక్క మనిషి అనుభవమే. ఆ అమ్మాయికి మాత్రం పదో వారం నుంచి పదమూడో వారం దాకా కాగితం మీద రాసేశాను. శుక్రవారం ఆమె పరుగు ముగించి ఆగేచోట నిలబడి చేతికిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు