కార్డు ధర అడిగే ముందు ఎస్ఎంపీఎస్ ఫొటో పంపండి

మా షాపు కస్టమర్లకి ఒక మాట. ఇకనుంచి గ్రాఫిక్స్ కార్డు రేటు అడిగితే వెంటనే చెప్పం. ముందు మీ క్యాబినెట్‌లోని ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కంతటికీ కరెంటు ఇచ్చే పెట్టె) స్టిక్కర్ ఫొటో, మదర్‌బోర్డు మోడల్ అడుగుతాం. ఈ ప్రశ్నలకి విసుగొచ్చి బేరం పక్క షాపుకి పోతే పోనీ.

ఎందుకంటే "అన్నా, కొత్త కార్డు డెడ్, డిస్‌ప్లే రావట్లేదు" అని తెచ్చినవాటిలో ఎక్కువ శాతం మా టెస్ట్ బెంచ్ మీద శుభ్రంగా పనిచేస్తున్నాయి. అలాంటి కార్డుని వారంటీకి పంపితే, లోపమేమీ లేదని రాసి తిప్పి పంపుతారు. అన్నాళ్ళూ మీ సిస్టమ్ ఖాళీగా పడుంటుంది, మాటలు మేం పడతాం.

కొన్ని మరీ చిన్న విషయాలు. మానిటర్ కేబుల్ పాత అలవాటుకొద్దీ బోర్డుకే పెడతారు. ఐ5 12400ఎఫ్ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి బోర్డు పోర్టులోంచి బొమ్మ ఎప్పటికీ రాదు. కేబుల్ కార్డుకే పెట్టాలి.

అసలు గొడవంతా కరెంటుది. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచి దానికి అందేది గరిష్ఠంగా 75 వాట్లు. ఎస్ఎంపీఎస్ నుంచి కార్డుకి పెట్టే వైరు 6 పిన్ కనెక్టర్‌ది అయితే ఇంకో 75, 8 పిన్ అయితే 150 ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకి 170 వాట్లు కావాలి; ఆ వైరు పెట్టకుండా ఫ్యాన్ తిరుగుతోంది కదా అంటే లాభం లేదు. చవక ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని పెద్దక్షరాలుంటాయి. మీరు చూడాల్సింది స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలోని ఆంపియర్లు. అక్కడ 18 ఉంటే దాని సత్తా 216 వాట్లే, అందులోనే ప్రాసెసర్ కూడా బతకాలి. డెస్క్‌టాప్ బాగానే వచ్చి, గేమ్ మొదలుపెట్టగానే సిస్టమ్ టక్కున ఆగిపోతోందంటే మా మొదటి అనుమానం దీనిమీదే. మాడ్యులర్ (వైర్లు ఊడదీసి పెట్టుకునే) ఎస్ఎంపీఎస్ వాడేవాళ్ళు ఒక కంపెనీ వైర్లు ఇంకో కంపెనీ దానికి పెట్టొద్దు. ప్లగ్గు సరిపోయినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, కార్డు నిజంగానే కాలిపోతుంది.

డ్రైవర్ వేశాక తెర నల్లబడితే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్లు తీసేసి, కొత్తది మళ్ళీ వేయండి. కేబుల్, మానిటర్ మార్చి చూసినా బయోస్ తెర (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర) మీద కూడా గీతలు, చుక్కలు కనబడుతున్నాయా? అప్పుడు ఆలస్యం చేయకుండా తెచ్చేయండి, తప్పు చాలావరకు కార్డుదే.

ఇదంతా ఎస్ఎంపీఎస్ అమ్ముకోడానికి అల్లిన కథ అని ఒకరిద్దరు మొహం మీదే అన్నారు. నిజమే, కార్డు కన్నా దానిమీదే మాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. అందుకే ఏ మోడల్ సరిపోతుందో కాగితం మీద రాసిస్తాం, ఎక్కడైనా కొనుక్కోండి.

మా దగ్గర కొన్న కార్డుకి చెకింగ్ ఉచితం. ఆన్‌లైన్లో కొన్నవాటికి 300 రూపాయలు. కార్డు బాగానే ఉందని తేలినా ఆ డబ్బు తిరిగివ్వం, పని చేశాం కాబట్టి.

వచ్చేటప్పుడు కార్డొక్కటే కాదు, క్యాబినెట్ మొత్తం తెండి. బస్సులో వచ్చేవాళ్ళు కార్డు ఊడదీసి విడిగా అట్టపెట్టెలో పెట్టుకోండి, కుదుపులకి స్లాట్ విరుగుతుంది. మానిటర్ అక్కర్లేదు గానీ, మీరు వాడే కేబుల్ మాత్రం మర్చిపోవద్దు.