చందాలు వేస్తూనే ఉన్నాం, సెస్సు కూడా కడతాం, లెక్క చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పక్కవాడి వైద్యానికి జనం జేబులో చెయ్యి పెట్టరు, టాక్స్ అంటేనే పారిపోతారు అని టీవీ డిబేట్లలో తెగ చెప్తుంటారు, వాళ్లెవరూ మా కాలనీ వాట్సాప్ గ్రూప్ చూసినట్టు లేదు. మొన్న మా వీధి చివర టైలర్‌కి బ్రెయిన్‌లో క్లాట్ అని అడ్మిట్ చేశారు, ఎస్టిమేట్ కాగితం ఫొటో, వాళ్లబ్బాయి ఫోన్‌పే నంబరు గ్రూప్‌లో పడ్డాయో లేదో వరసపెట్టి స్క్రీన్‌షాట్లు, రెండొందలు ఒకరు, ఐదొందలు ఒకరు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా వందేశాడు. ఆ టైలర్ ఎవరికీ చుట్టం కాదు.

అతనికి రేషన్ కార్డు లేదు, ఏళ్ల తరబడి కొత్త కార్డులు ఇవ్వనప్పుడు అప్లై చేసి వదిలేశాడు. మన తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ లిమిట్ 10 లక్షలు చేశారు, సంతోషమే, కానీ లిస్టులో పేరే లేనోడికి పది లక్షలైతే ఏంటి కోటి అయితే ఏంటి? ఈఎస్‌ఐ అంటే నెల జీతగాళ్లకి, అదీ 21 వేల లోపు ఉండాలి. ప్రైవేట్ పాలసీ తీసుకుందామంటే షుగర్ ఉందనగానే రేటు పెరుగుద్ది. ఇట్లా ఏ కవరూ లేనోళ్లు దేశంలో కనీసం 40 కోట్ల మంది అని నీతి ఆయోగే 2021లో రాసింది.

ఇక కట్టే సంగతి. ఇన్‌కమ్ టాక్స్ మీద 4 శాతం హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్ 2018 నుంచి కడుతూనే ఉన్నాం, ఆఫీసోళ్లిచ్చే టాక్స్ లెక్కల కాగితం ఫారం 16లో ఆ లైను ఏటా చూస్తా, అందులో హెల్త్‌కి ఎంత పోయింది, మా జిల్లాకి ఎంతొచ్చింది అనేది మాత్రం ఎవ్వరూ చెప్పరు. జనానికి మండేది అక్కడే. దానికి తోడు కారున్నోడికి తెల్లకార్డు ఉంటది, ఆటో నడిపేవాడికి ఉండదు, పైగా సర్కారు బకాయిలు ఇవ్వలేదని 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేట్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ లాంటి స్కీముల కింద సేవలు ఆపేశాయి. ఇవన్నీ చూశాక ఇంకో సెస్సు అంటే ఎవడైనా మొహం చిట్లిస్తాడు, దాన్ని పట్టుకుని జనానికి మనసు లేదంటే ఎట్లా సార్!

2024లో 70 ఏళ్లు దాటినోళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షల కవర్ ఇచ్చారు కదా, మా డబ్బులు వాళ్లకెందుకు అని మా దగ్గర ఒక్కరూ అనలేదు, ఎందుకంటే ప్రతి ఇంట్లో ఒక పెద్దాయనో పెద్దామో ఉంటారు. అందరికీ వచ్చేదైతే గొణుగుడు దానంతటదే తగ్గుద్ది. ఆంధ్రాలో 2025లో కార్డుతో సంబంధం లేకుండా అందరికీ రెండున్నర లక్షల ఇన్సూరెన్స్‌కి కేబినెట్ ఓకే చెప్పింది, మన దగ్గర కూడా ఆలోచించొచ్చు.

కార్డు లేనోళ్ల దగ్గర స్తోమతను బట్టి ఏడాదికి ఇంత అని కట్టించుకోండి, తగ్గినకాడికి మాలాంటి జీతగాళ్ల మీద వేయండి, కాదనం. కానీ దానికి వేరే అకౌంట్ ఉండాలి, ఎంత వసూలైంది, ఎంతమందికి ఆపరేషన్ అయింది, ఆస్పత్రులకి ఇంకా ఎంత బాకీ అనేది ప్రతి నెలా పెద్దాసుపత్రి గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. పెట్రోల్ రేటులో కలిపేసి తర్వాత మర్చిపోయేటట్టయితే మాత్రం వద్దు.

- ఒక పాఠకుడు, హన్మకొండ