అర చుట్టు తేడా పట్టుకున్న మాస్టారికీ, మిగతా అందరికీ

మొన్న ఆదివారం ఒడిశాలోని రాయగడ జిల్లా కళ్యాణసింగ్‌పూర్ అవతల ఎర్రమట్టి ఏటవాలు మా జీపు తనంతట తాను ఎక్కింది. వెనక తొట్టిలో ఎనిమిది బస్తాల చింతపండు ఉంది, రాత్రి కురిసిన వానకి దారంతా జారుడుగా ఉంది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ తాడు కట్టలేదు. పైకెక్కాక బండి ఆపి, దిగి, బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. వెనక వస్తున్న ఆటో అబ్బాయి బండి చెడిపోయిందేమో అనుకుని సాయం కావాలా అని అడిగాడు కూడా. సాయం ఇంతకుముందే బోలెడంత అందింది నాయనా, ఆ లెక్క రాయడానికే ఈ పోస్టు.

ముందు థ్యాంక్స్ ఆ ఏటవాలు పక్క ఊరి కుర్రాళ్లకి. పోయిన వానాకాలం ఇదే చోట నేను దిగబడ్డాను. జన్మలో మొదటిసారి నాలుగు చక్రాల లివర్ (ముందు చక్రాలకి కూడా ఇంజన్ బలం అందించేది) వేశాను. బురదలో ఎలాగో పాకింది. రాళ్లున్న చోటికి రాగానే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు బిగుసుకుపోయింది. లివర్ తీద్దామంటే రాదు. యాక్సిలరేటర్ తొక్కితే కింద ఎక్కడో టంగుమని చప్పుడు. ఆరుగురు కుర్రాళ్లు దుంగలు, తాడు తెచ్చి గంటన్నర కష్టపడి బయటికి లాగారు. వాళ్లది కువి అనే కోంధుల భాష, నాది తెలుగు, మధ్యలో ఇద్దరికీ వచ్చీరాని ఒడియా. డబ్బులిస్తే తీసుకోలేదు. సంత నుంచి తెస్తున్న బెల్లం దిమ్మ మాత్రం తీసుకున్నారు. అప్పుడు సరిగ్గా థ్యాంక్స్ చెప్పే స్థితిలో లేను, ఒళ్లంతా బురద, మనసంతా టెన్షన్.

జీపు సంగతి తెలియనివాళ్లకి చెబుతాను. 1996 మోడల్ మహీంద్రా డీజిల్, వెనక పికప్ తొట్టి కట్టించినది, నాలుగు గేర్లది. నా దగ్గరికి వచ్చేసరికే రెండు చేతులు మారింది. రాయగడ చుట్టుపక్కల సంతల్లో పసుపు, చింతపండు కొని పార్వతీపురం వైపు తోలడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. కాకపోతే చదును రోడ్డు మీద మరీ గోల. నాలుగో గేరులో పడ్డాక కూడా ఇంకో గేరు ఉంటే బాగుండునని చెయ్యి ఊరికే లివర్ మీదకి పోతుంది. అందుకని దిగబడిన కోపంలో, అసలు ఆ రెండింటికీ సంబంధం ఏమిటని ఆలోచించకుండా, పాత సామాన్ల కొట్లో ఐదు గేర్ల బాక్సు ఒకటి బేరమాడి తెచ్చేశాను. నలుగురం మోసి వరండాలో దించాం. మా ఆవిడ దాన్ని చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

ఆ బాక్సు బిగించడానికే పార్వతీపురం నుంచి మాస్టార్ని పిలిచాను. ఈయన మా నాన్న కాలం నుంచి జీపులు విప్పి బిగించిన మనిషి. షెడ్డు మూసేసి ఇంటిపట్టున ఉంటున్నారు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు, రాస్తే మళ్లీ ఊళ్లోవాళ్లంతా బళ్లు తోలుకొస్తారట. మొదటి బస్సుకే దిగి, టీ తాగి, నేను ముచ్చటపడి చూపిస్తున్న గేర్ బాక్సు వైపు ఒక్కసారి చూసి ఊరుకున్నారు.

"ఏటి బాబూ, లివర్ బిగుసుకుపోతాందన్నావు గదా. ఇది మారిస్తే అది వదిలేస్తాదా?"

నా దగ్గర జవాబు లేదు. "ఓ సుద్దముక్క తే" అన్నారు.

ఆ తర్వాత అరగంటలో ఆయన చేసిన పని, పాత జీపు ఉన్న ప్రతివాడూ తెలుసుకోవాల్సినది. గేర్లన్నీ న్యూట్రల్‌లో పెట్టించారు. వెనక ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపారు, రెండోది నేల మీదే ఉంది. టైరు మీద ఒక గీత, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు (చక్రాలకి ఇంజన్ బలం మోసే ఇనుప కడ్డీ) మీద ఒక గీత. నన్ను టైరు నెమ్మదిగా సరిగ్గా రెండు చుట్లు తిప్పమని, తను కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టారు. ఐదో చుట్టు పూర్తి కావడానికి కొద్దిగా తక్కువలో గీత ఆగింది. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంటే లేపిన చక్రం రెండు చుట్లకి షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే ఆ హౌసింగ్ (ఇరుసు మధ్యన గేర్లుండే గుండ్రటి పెట్టె) రేషియో. వెనకది 4.88 అన్నమాట.

తర్వాత ముందు చక్రం. హబ్బులు లాక్ చేసి (ముందు చక్రాలు ఇరుసుతో కలిసి తిరిగేలా) అదే పని చేశాం. ఈసారి గీత ఐదు చుట్లు దాటి, ఇంకో చుట్టులో మూడో వంతు మీద కాస్త దాటాక ఆగింది. ఇంకోసారి తిప్పమన్నారు. మళ్లీ అక్కడే. లేచి లుంగీ దులుపుకుని, "ముందు 5.38. అర చుట్టు తేడా" అన్నారు.

నాకంటే ముందు ఎవరి చేతిలోనో, ఎక్కడో, వెనక క్రౌన్ పినియన్ (హౌసింగ్ లోపలి పెద్ద, చిన్న పళ్లచక్రాల జత) అరిగిపోతే దొరికిన జత వేసేశారు. ముందుది ముట్టుకోలేదు. రెండు చక్రాల మీద తోలినంత కాలం ఆ సంగతి ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నాలుగు చక్రాల లివర్ వేసిన క్షణం రెండు షాఫ్టులూ కలిసి ఒకే వేగంతో తిరగాలి. అప్పుడు వెనక చక్రాలు 100 చుట్లు తిరిగితే ముందువి 91 చుట్లు కూడా తిరగవు. నేల ఒకటే, దూరం ఒకటే, ఆ తేడా ఎక్కడికి పోతుంది? బురదలో టైర్లు జారి సర్దుకుంటాయి. రాయి మీద జారవు, అందుకని ఆ మెలి అంతా గేర్లలో, షాఫ్టుల్లో బిగుసుకుంటుంది. ముందు చక్రాలు బ్రేకులా పనిచేస్తాయి, లివర్ రాదు. అలా ఇరుక్కున్నప్పుడు కాస్త రివర్స్ చేస్తే మెలి విడిపోయి లివర్ వస్తుందని కూడా ఆ వేళే తెలిసింది. ముందే తెలిసుంటే ఆ కుర్రాళ్లకి గంటన్నర కష్టం తప్పేది.

వెనకది మళ్లీ 5.38కి తెద్దామా, ముందుది 4.88కి తెద్దామా అని భోజనాల దగ్గర పెద్ద చర్చ. కొండకి 5.38 బలం. కానీ నాకు సగం తిరుగుడు తారురోడ్డు మీదే, అక్కడ 4.88 నయం. కొండ మీద ఎటూ ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) లో గేరు ఉంది, అది రెండున్నర రెట్లకి కాస్త తక్కువగా బలం పెంచుతుంది. కాబట్టి ముందుదే మార్చాలి, పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 39 ఉన్న జత కావాలి. పళ్లు లెక్కపెట్టకుండా కొనొద్దని మాస్టారు మూడుసార్లు చెప్పారు.

ఇక్కడ మా విశాఖ బావమరిదికి దండం పెట్టాలి. బ్యాంకు ఉద్యోగం చేసుకునే మనిషి, జన్మలో చేతికి గ్రీజు అంటించుకోలేదు. రెండు శనివారాలు ఆటోనగర్ అంతా తిరిగి, కొట్లో నిలబడి వేలుతో పళ్లు లెక్కపెట్టి, ఫోటో తీసి పంపి, మాస్టారు సరేనన్నాకే కొన్నాడు. "బావా, నలభై మూడు పళ్లది చవగ్గా ఇస్తానంటున్నాడు, పోనీ తీసుకోనా" అని మధ్యలో ఒకసారి అడిగాడు. అది వేస్తే మళ్లీ 5.38 దగ్గరికే వచ్చేవాళ్లం, ఆ ఒక్క ఫోన్ మాత్రం మాస్టారు ఎత్తకపోవడమే మంచిదైంది. రైల్లో ఆ బరువు ఒళ్లో పెట్టుకుని రాయగడ దాకా తనే తెచ్చాడు.

తర్వాత నాలుగు ఆదివారాలు మా వాకిలే షెడ్డు. సామిల్లు వాళ్లిచ్చిన సాలచెక్క దిమ్మల మీద జీపు కూర్చుంది. జాకీని నమ్మి బండి కింద దూరొద్దని మాస్టారి ఆజ్ఞ. సామిల్లు వాళ్లకీ కృతజ్ఞతలు, దిమ్మలు ఇంకా తిరిగివ్వలేదు, ఈ వారం ఇచ్చేస్తాను.

క్రౌన్, పినియన్ పళ్లు ఎక్కడ ఎక్కడ తగులుతున్నాయో చూడటానికి నీలం పేస్టు కావాలి. ఊళ్లో దొరకలేదు. మాస్టారు మా అమ్మని పిలిచి, "అమ్మా, ఆంజనేయస్వామి సిందూరం ఉందా" అని అడిగారు. ఆవిడ పూజ చేయిస్తున్నారేమో అనుకుని పూలు కూడా పట్టుకొచ్చింది. సిందూరాన్ని చుక్క ఇంజన్ ఆయిల్‌లో ముద్దగా కలిపి, పాత టూత్ బ్రష్‌తో పళ్లకి పూసి, చేత్తో అటూ ఇటూ తిప్పారు. తగిలిన చోట రంగు చెరిగి, బియ్యపు గింజను నిలువునా కోసినట్టు ఒక మచ్చ కనిపించింది. మొదటిసారి ఆ మచ్చ పంటి అంచు మీద పడింది. పినియన్ దూరంగా ఉందని అర్థం. విప్పి, పలచటి షిమ్ము (సర్దుబాటు రేకు) ఒకటి చేర్చి మళ్లీ బిగించారు. ఇంకా పైనే. మూడోసారికి పంటి నడుమకి దిగింది. ఒక్క షిమ్ము కోసం బేరింగు లాగడం, మళ్లీ కొట్టడం, ప్రతిసారీ గంటన్నర. నేనైతే రెండోసారికే చాల్లెమ్మని బిగించేసేవాణ్ని. పూలు మాత్రం బానెట్ మీదే ఉండిపోయాయి.

పళ్ల మధ్య సందు కొలిచే డయల్ గేజ్ ఇచ్చినది ఐటీఐలో పనిచేసే మా వీధి ఒడియా పెద్దాయన. సొంతానిది, కొత్త పెళ్లికూతుర్ని పంపినట్టు నూరు జాగ్రత్తలు చెప్పి పంపారు. 6 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఆరు) దగ్గర ముల్లు ఆగినప్పుడు ఆయన కూడా గోడ అవతల నుంచి తొంగి చూసి తల ఊపారు.

ట్రాన్స్‌ఫర్ కేసుని పనిలో పనిగా విప్పి దాని లోపలి నడిమి షాఫ్టు, బేరింగులు కూడా మార్చాం. పాత షాఫ్టు గోరుకి తగిలేంత గాడి పడి ఉంది. ఇన్నాళ్లూ వినిపించిన ఏడుపు దానిదేనట. అందులో అగ్గిపుల్లల్లాంటి సూది బేరింగులు ఉంటాయి, గ్రీజు పూసి ఒక్కొక్కటీ పేర్చాలి. పేర్చడం అయ్యాక ఒకటి తగ్గింది. వాకిలి అంతా వెతికాం, మా కోళ్ల మీద కూడా అనుమానం వచ్చింది. చివరికి మా చిన్నోడు పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి ఆయిల్ పళ్లెంలో ముంచి తీశాడు. పది రూపాయలిస్తే ఇరవై అడిగాడు, ఇచ్చాను.

అన్నీ బిగించి, గేర్ బాక్సులో మాస్టారు చెప్పిన ఆయిలే పోసి (ఇత్తడి రింగులున్న గేర్ బాక్సుకి జీఎల్-4 రకం వాడమని, హౌసింగ్‌కి పోసే జీఎల్-5 దీనికి పొయ్యొద్దని), మజ్జిగౌరమ్మ గుడి దాకా తోలాను. నలభై దాటగానే బండి వణుకుడు. గుండె జారింది. మాస్టారు ఊళ్లో లేరు. పక్కింటి సైన్సు టీచరుగారు, స్కూటీ తప్ప ఏమీ తోలని మనిషి, సాయంత్రం నా ఫోన్‌లో విప్పకముందు తీసిన ఫోటో చూస్తూ, "దీంట్లో షాఫ్టు రెండు చివర్ల చెవులూ ఒకే వరసలో ఉన్నాయండీ, ఇప్పుడు అడ్డంగా ఉన్నాయి" అన్నారు. అంతే. షాఫ్టు మధ్య కీలు బిగించేటప్పుడు పళ్లు తప్పించి దూర్చాను, నా పొరపాటే. పది నిమిషాల పని. మాస్టారికి ఫోన్ చేసి చెబితే, "ఆ టీచర్ని నా దగ్గర చేరమను" అన్నారు.

ఆదివారం నాడు ఆ ఏటవాలు ఎక్కాక రాళ్ల చోట లివర్ లాగి చూశాను. ఒక్క వేలుతో వచ్చింది. తిరుగు దారిలో ఆ కుర్రాళ్ల ఊళ్లో ఆగాను. ఆరుగురిలో ముగ్గురే ఉన్నారు, మిగతావాళ్లు కూలి పనులకి కేరళ వెళ్లారట. బెల్లం ఇస్తే ఈసారి కూడా తీసుకున్నారు, తొట్టిలో ఎక్కించుకుని కొండ దించమన్నారు, దించాను.

మాస్టారు నాలుగు ఆదివారాలకీ కలిపి బస్సు ఛార్జీలు, రెండు కిలోల పసుపు తీసుకున్నారు. ఇంకేమిచ్చినా మా అమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. మాస్టారూ, మీరిది చదవరని తెలుసు, మీ మనవరాలు చదివి వినిపిస్తుందని ఆశ. నాలుగు వారాలు వాకిట్లో నూనె మరకలు, వంటింట్లో వేళకాని వేళ టీలు భరించిన మా ఆవిడకి ఇక్కడ కాదు, ఇంట్లోనే చెప్పుకుంటాను.

ఐదు గేర్ల బాక్సు ఇంకా వరండాలోనే ఉంది, ఒక్క బోల్టు విప్పలేదు. ఎవరికైనా పనికొస్తుందంటే కొన్న ధరకే ఇచ్చేస్తాను, మోసుకెళ్లడం మీదే. దాని మీదున్న మనీప్లాంట్ కుండీ మాత్రం ఇచ్చేది లేదంటోంది మా ఆవిడ.