మూడో బల్ల మీద పడే వాన చుక్క: మందిరం మరమ్మతు పనికి విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులందరికీ వందనాలు.

పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం. మౌన ప్రార్థన జరుగుతోంది, అందరం తలలు వంచుకుని ఉన్నాం. ఎడమ వైపు మూడో బల్ల దగ్గర టప్, టప్ అని చప్పుడు. ఆ బల్ల మీద కూర్చునేవాళ్లు అప్పటికే పక్కకు జరిగి, చుక్క పడే చోట బకెట్ పెట్టేశారు. ఆ రోజు ఏమని ప్రార్థించామో మాలో చాలామందికి గుర్తులేదు. చుక్కలు మాత్రం అరవై రెండట, సండే స్కూల్ పిల్లవాడొకడు లెక్కపెట్టి మరీ చెప్పాడు.

ఆ కప్పుకు ఇప్పటికి రెండుసార్లు అతుకులు వేశాం. ఈసారి చూసిన మేస్త్రీ ఇక అతుకులు నిలవవని, రేకులు తీసేసి కింద తుప్పుపట్టిన చట్రం కూడా మార్చాలని తేల్చేశాడు.

ఇంకోటి మెట్లు. మందిరంలోకి రావాలంటే ఏడు మెట్లెక్కాలి. చక్రాల కుర్చీలో వచ్చే మన పెద్దాయన్ని ఇన్నాళ్లూ యవ్వనస్థులు కుర్చీతో సహా ఎత్తి లోపలికి తెచ్చేవారు. ఈమధ్య ఆయనే వద్దంటున్నారు. "మీకెందుకు బాబూ శ్రమ, కిటికీ దగ్గర కూర్చుంటాలే, వాక్యం వినబడుతుంది" అంటున్నారు. కపెర్నహూములో నలుగురు మనుషులు ఇంటి కప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ని యేసు ముందుకు దించారు. మన దగ్గర కప్పు దానంతటదే విప్పుకుంటోంది, మనిషి మాత్రం బయటే ఉండిపోయాడు.

అందుకని కమిటీ మూడు పనులు అనుకుంది. మొదట కప్పు, తర్వాత మెట్ల పక్కన వాలుదారి, దానికి పట్టుకునే కడ్డీ. ఆ పైన వీలైతే సండే స్కూల్‌కి ఒక గది. ఈ వరస మారదు.

ఈ మాట అనుకుంటున్నప్పుడే మా కమిటీలో ఒక అక్క సూటిగా అడిగింది: "సంఘం అంటే మనుషులు, గోడలు కాదు అని మనమే కదా బోధిస్తాం, మరి రేకులకు డబ్బులు ఎలా అడుగుతాం?" ఆ సాయంత్రం చర్చంతా దాని మీదే నడిచింది.

అక్క అన్నది నిజమే. పౌలు కొరింథు సంఘానికి ఉత్తరం రాసే నాటికి వాళ్లకు చర్చి భవనమంటూ లేదు. ఆయన ఆ ఉత్తరం రాసిన ఎఫెసులోనూ అకుల, ప్రిస్కిల్లలనే దంపతుల ఇంట్లో సంఘం కూడుకునేదని ఆయనే రాశాడు. అయినా కొరింథు వాళ్లను "దేవుని గృహము" అన్నాడు, తనను, తోటి బోధకుడైన అపొల్లోను "దేవుని జతపనివారు" అన్నాడు. మన బైబిల్లో 1 కొరింథీయులు 14వ అధ్యాయంలో "క్షేమాభివృద్ధి" అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. గ్రీకులో అక్కడున్న మాట ఓయికొదొమే, అంటే ఇల్లు కట్టడం. పాట పాడినా, బోధించినా, ప్రార్థించినా దానితో పక్కవాడు కట్టబడాలి అని పౌలు ఉద్దేశం. తెలుగులో ఆ మాట వింటే మనకు ఇటుకలు, సున్నం కనబడవు గానీ అందులో మేస్త్రీ పనే ఉంది.

మరి రేకులెందుకు? మనుషులు కూడుకోవాలి కాబట్టి. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత పట్టణంలో, 3వ శతాబ్దంలో క్రైస్తవులు చర్చిగా మార్చుకున్న ఒక మామూలు ఇల్లు 1930లలో తవ్వకాల్లో బయటపడింది. మనకు దొరికిన చర్చి కట్టడాల్లో బాగా పాతవాటిలో అదొకటి. వాళ్లు గోపురం ఏమీ కట్టలేదు. రెండు గదుల మధ్య గోడ పడగొట్టి అందరూ పట్టే హాలు చేసుకున్నారు, ఇంకో గదిని బాప్తిస్మానికి ఉంచుకున్నారు. ఎక్కువమంది కూర్చోవడానికి ఏ గోడ అడ్డమో చూసి దాన్ని తీసేశారు, అంతే. మనకు ఆ అడ్డం ఏడు మెట్లు.

ఇలాంటి విజ్ఞప్తుల్లో మామూలుగా హగ్గయి ప్రవక్త మాట రాస్తారు. మందిరం పాడై ఉండగా మీరు సరంబీ (చెక్క పలకలు) వేసిన ఇళ్లలో ఉంటారా అని ఆయన అడిగిన మాట. మేమూ రాద్దామనుకుని కొట్టేశాం. మీలో చాలామందివి అద్దె ఇళ్లు, కొందరి ఇళ్లు మందిరం కంటే ఎక్కువ కారుతున్నాయి. సరంబీల సంగతి మీతో ఏ ముఖం పెట్టుకుని ఎత్తాలి?

విధవరాలి రెండు కాసుల కథను కూడా మీ మీద ప్రయోగించదలుచుకోలేదు. మార్కు 12లో ఆ కథకు ఒక్క అడుగు ముందు ప్రభువు ఏమన్నాడో చూడండి. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల్ని గద్దించాడు. ఆ వెంటనే కానుకపెట్టె ఎదుట కూర్చుని, తన జీవనమంతా వేసేసిన ఆ తల్లిని శిష్యులకు చూపించాడు. ఆమెను మెచ్చుకోవడం వేరు, ఆమె దగ్గర అడిగి తీసుకోవడం వేరు. కాబట్టి అప్పుల్లో ఉన్నవాళ్లు, ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లు, పిల్లల ఫీజుల టెన్షన్‌లో ఉన్నవాళ్లు దయచేసి ఇవ్వకండి. అప్పు తెచ్చి అసలే ఇవ్వకండి. ఉన్నదాన్ని బట్టే ఇవ్వడం అని పౌలు 2 కొరింథీయులు 8లో తేటగా రాశాడు. ఇతరుల భారం తగ్గించడానికి మీరు భారం మోయాలని కాదని కూడా అక్కడే రాశాడు.

ఇక మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కిందటిసారి సౌండ్ సిస్టమ్‌కి చందాలు పోగుచేసినప్పుడు పేర్లు, మొత్తాలు మైకులో చదివాం, అదీ పెద్ద మొత్తం నుంచి చిన్నదాకా. చివర వచ్చిన పేరు వెనక బల్ల మీద కూర్చునే ఒక అమ్మగారిది. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు ఆమె రాలేదు. వెళ్లి కలిస్తే ఒంట్లో బాగోలేదన్నారు. అది నిజం కాదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఈసారి పేర్లు చదవడం లేదు, గోడకు శిలాఫలకం లేదు, బల్లల మీద దాతల పేర్లు రాయించడం లేదు. ఎవరైనా తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఇస్తామంటే సంతోషంగా తీసుకుంటాం, పేరు మాత్రం వేయలేం. దీని వల్ల కొన్ని పెద్ద మొత్తాలు రాకుండా పోవచ్చని కోశాధికారి అన్నారు. పోతే పోనీ అని కమిటీ తీర్మానించింది.

లెక్కల మాట. రాజైన యోవాషు రోజుల్లో మందిరం బాగుచేయడానికని యాజకులకు డబ్బు అప్పగిస్తే ఆయన ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా మరమ్మతు జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టేవాళ్లు (2 రాజులు 12). మనమూ అదే చేస్తున్నాం. పెట్టె వాకిలి పక్కనే ఉంటుంది. దానికి రెండు తాళాలు, ఒకటి కోశాధికారి దగ్గర, ఇంకోటి స్త్రీల సమాజం దగ్గర. ఆరాధన అయ్యాక ముగ్గురి ఎదుట తెరుస్తాం, ఆ ముగ్గురిలో ఏ ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్లు కాకూడదు. పాస్టర్ గారు తనంతట తానే ఆ లెక్కలోంచి తప్పుకున్నారు. విడిగా ఇచ్చేవాళ్లకు రసీదు ఇస్తాం. నెలనెలా వచ్చింది, ఖర్చయింది నోటీసు బోర్డు మీద పెడతాం, బిల్లులతో సహా. ఆ అధ్యాయంలోనే, పనివాళ్లు నమ్మకస్థులు గనుక వాళ్లను లెక్క అడగలేదని ఉంది. ఆ వచనం మాకు వర్తింపజేయకండి, అడగండి. బీదల సహాయ నిధిలో నుంచి ఒక్క రూపాయి కూడా ఈ పనికి తియ్యం.

డబ్బు లేనివాళ్లకు పని లేదనుకోవద్దు. నెహెమ్యా 3వ అధ్యాయం చదివితే పేర్ల చిట్టాలాగా విసుగనిపిస్తుంది గానీ, ఈ పని మొదలయ్యాక మాకు అది భలే నచ్చింది. యెరూషలేము గోడ కట్టినవాళ్లలో కంసాలులున్నారు, సుగంధద్రవ్యాలు చేసేవాళ్లున్నారు, షల్లూము కూతుళ్లున్నారు. వాళ్లలో తాపీ పట్టడం ముందు నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో! చాలామంది ఎవరింటి ఎదుటి భాగం వాళ్లు కట్టుకున్నారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం మెడ వంచి పని చేయలేదని కూడా రాసిపెట్టారు. అన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ సంగతి చదువుకుంటున్నాం, పాపం. 52 రోజుల్లో గోడ లేచింది. మనకు రేకులు దించే రోజు పదిమంది కావాలి. కరెంటు పని తెలిసినవాళ్లు ఇద్దరు, బిల్లులు ఫైలు చేసే ఓపిక ఉన్నవాళ్లు ఒకరు, పనివాళ్లకు మంచినీళ్లు అందించేవాళ్లు, రోజూ సాయంత్రం మేకులు ఏరి ఊడ్చేవాళ్లు. మేకుల పని చిన్నది కాదు, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు.

సంఘంలో ఎవరితోనైనా మాటల్లేని వాళ్లు మాత్రం ముందు ఆ సంగతి చూసుకోండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. పెట్టె ఎక్కడికీ పోదు.

కప్పుకు సరిపడా వచ్చాకే కప్పు పని మొదలుపెడతాం, అప్పు చేసి కట్టం. మూడు పనులకూ సరిపోతే ఆ ఆదివారమే పెట్టె తీసేస్తాం. ప్రత్యక్ష గుడారానికి జనం అవసరానికి మించి తెస్తుంటే మోషే ఇక తేవద్దని పాళెమంతా చాటించాడు. కమిటీ మైకులో ఆ మాట చెప్పే రోజు కోసం మేమూ ఎదురుచూస్తున్నాం.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మేస్త్రీ గీసిన ప్లాను మందిరంలో పరుస్తాం, వచ్చి చూడండి, తోచిన మార్పులు చెప్పండి. వాన పడే సూచనలున్నాయి. మూడో బల్ల కింద బకెట్ ఉంటుంది, కాలు తగలకుండా చూసుకోండి.

ప్రభువు సేవలో మీ
మందిర మరమ్మతు కమిటీ