అటక మీది రంగూన్ పెట్టె

సంపాదకులకు,

పాత ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేటప్పుడు అటక మీది ట్రంకుపెట్టెలన్నీ పాత ఇనుముకి పోతున్నాయి. ఇంట్లో 'రంగూన్ పెట్టె' అని పేరున్నదేదైనా ఉంటే కాటా ఎక్కించే ముందు ఒకసారి తెరవండి. 1941 డిసెంబరు 23న అప్పటి బర్మా (ఇప్పటి మయన్మార్) రాజధాని రంగూన్ మీద జపాన్ బాంబులు వేశాక, ఓడ దొరకనివాళ్లు కొందరు టాంగప్ కనుమ దాటి చిట్టగాంగ్ వైపు, ఇంకొందరు సరిహద్దు ఊరు టాము మీదుగా ఇంఫాల్‌కి నడిచారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ 'కోరంగీలు' అనిపించుకున్న మన తెలుగువాళ్లూ ఆ గుంపుల్లో ఉన్నారు.

పెట్టెలో 'జపానీస్ గవర్నమెంట్' అని ఇంగ్లీషులో అచ్చయిన రూపాయి నోట్లు కనబడితే, వాటి మీద కోడు 'బి' అక్షరంతో మొదలైందేమో చూడండి. అవి జపాన్ ఆక్రమణ కాలంలో బర్మాలో నడిచి, జపాన్ ఓడిపోగానే చిత్తుకాగితాలైన నోట్లు. 1942లో నడిచొచ్చినవాళ్ల దగ్గర ఇవి ఉండే అవకాశం తక్కువ. మీవాళ్లు యుద్ధమంతా అక్కడే ఉండిపోయి, తర్వాత ఎప్పుడో వచ్చారేమో అడిగి చూడండి.

కాగితాలకు లామినేషన్ వద్దు. ఆ వేడికి ప్లాస్టిక్ అతుక్కుంటే మళ్లీ ఊడదు. సెల్లోటేపూ అంతే, కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది. ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫొటోని పీకితే బొమ్మ అద్దానికే ఉండిపోతుంది, కాబట్టి అద్దం మీంచే ఫ్లాష్ లేకుండా తీయండి. విడి ఫొటోలకు వెనకవైపూ తీయాలి, స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. స్కానింగ్ 600 డీపీఐకి తగ్గొద్దు.

పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద జానెడు దూరంలో ఉంచండి. ఇరవై నిమిషాలు చాలు. 'యుద్ధం గురించి చెప్పు తాతా' అంటే ఏమీ రాదు. దారిలో నీళ్లెక్కడ దొరికాయి, అన్నం దేంట్లో వండారు అని అడగాలి. ఏ సంవత్సరమో గుర్తులేదంటారు. విశాఖ మీద బాంబులు పడకముందు వచ్చారా, పడ్డాకా అనండి. అది 1942 ఏప్రిల్ 6. దారిలో ఎవరు చనిపోయారన్న దగ్గర మాట ఆగితే ఆ పూటకి ఆపేయండి. డబ్బాల నిండా బియ్యం ఉన్నా ఇంకో బస్తా తెప్పించే నాయనమ్మని చాదస్తమని విసుక్కునే ఇళ్లలో ఆ దారిలోని ఆకలి సంగతి ఎవరూ అడిగి ఉండరు.

రికార్డింగ్‌ని వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగానే పంపండి. వాయిస్ మెసేజీగా పోతే నాణ్యత దెబ్బతింటుంది.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్