బటన్ బండి, నాన్న వార్తలు

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలు మీ ఆఫీసు గొడవలు రాసి, చివర్లో ఒక్క లైను పడేశావు: "బటన్ స్టార్ట్ కారు కొంటున్నా, ఇంజిన్ ఆపినా పాటలు ఆగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?" అని. ఆ లైనుకి జవాబు తెలుసుకోవడానికి నాకు ఒక సింహాచలం ప్రయాణం, ఒక బ్యాటరీ ఖర్చయ్యాయి. కాబట్టి ఓపిగ్గా చదువు.

నా పాత తెల్ల బండి గుర్తుందిగా, గాజువాకలో నువ్వు గోడకి గీకేసింది! దానికి తాళం ఒక మెట్టు వెనక్కి తిప్పితే ఇంజిన్ ఆగేది, పాట ఆగేది కాదు. ఇంకో మెట్టు తిప్పితే అన్నీ పోయేవి. ఎవరూ నేర్పలేదు, చేతికే తెలిసిపోయేది. బటన్‌లో కూడా ఆ మెట్లు ఉన్నాయి గానీ కంటికి కనపడవు, అదీ తంటా.

నాన్నని సాయంత్రాలు తెన్నేటి పార్కు దగ్గరికి తీసుకెళ్తుంటాను. మోకాళ్ళ నొప్పులతో ఆయన దిగరు. బండిలోనే కూర్చుని సముద్రం చూస్తూ రేడియోలో వార్తలు వింటారు. నేనూ, మీ చెల్లెమ్మా కాస్త నడిచి, మురీ మిక్చరు కట్టించుకుని వస్తాం. ఈ సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొన్న మొదటి రోజు, బ్రేకు తొక్కి, గేరు పార్కింగ్‌లో వేసి బటన్ నొక్కాను. ఇంజిన్‌తో పాటు రేడియో కూడా గప్‌చిప్. సగం వాక్యంలో ఆగిపోయింది. "ఏట్రా, చెప్పేవాడి నోరు నొక్కేశావు?" అన్నారు నాన్న.

కంగారులో మళ్ళీ నొక్కాను. కాలు బ్రేకు మీదే ఉందేమో, ఇంజిన్ స్టార్టయింది. మళ్ళీ ఆపాను. ఈసారి కాలు తీసేసి నొక్కితే స్క్రీన్ వెలిగింది, కంపెనీ బొమ్మ వచ్చింది, అది తీరిగ్గా లేచి రేడియో పట్టేసరికి వార్తలు వాతావరణంలోకి వచ్చేశాయి.

సంగతేంటంటే, బ్రేకు తొక్కి నొక్కితే ఇంజిన్. బ్రేకు తొక్కకుండా ఒకసారి నొక్కితే యాక్సెసరీ, అంటే రేడియో, ఫోను ఛార్జర్ పెట్టుకునే సాకెట్, అంతే. రెండోసారి నొక్కితే ఆన్, మీటర్ల లైట్లన్నీ వెలుగుతాయి. మూడోసారి నొక్కితే ఆఫ్. చాలా బళ్ళలో ఇదే వరస. నువ్వు కొనేది గేర్ల బండయితే బ్రేకు బదులు క్లచ్ అనుకో. యాక్సెసరీలో ఉన్నప్పుడు నా బండిలో బటన్ మీద నారింజ రంగు లైటు వెలిగి, స్క్రీన్ మీద 'ఏసీసీ' అని పడుతుంది. అది చూసి నాన్న, "ఏసీ అంటోంది, గాలి రావట్లేదేం?" అని అద్దాలు దించుకోబోయారు. దిగలేదు. నా బండిలో పవర్ విండోలూ, ఫ్యానూ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తాయి. మన ఉక్కపోత నీకు చెప్పాలా! అందుకే ఇప్పుడు ఇంజిన్ ఆపకముందే అద్దాలు దించేస్తున్నా.

సరే, వాక్యం మధ్యలో తెగకుండా ఎలా? డాబాగార్డెన్స్‌లో స్టీరియోలు బిగించే కుర్రాడొకడు చిటికెలో చెప్పాడు. పార్కింగ్‌లో కాకుండా న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, బటన్ నొక్కమన్నాడు. గేరు పార్కింగ్‌లో లేకపోతే నాలాంటి బళ్ళు పూర్తిగా ఆఫ్‌కి వెళ్ళవు, యాక్సెసరీ దగ్గరే ఆగిపోతాయి. ఇంజిన్ ఆగుతుంది, రేడియో మాత్రం గుటక కూడా వెయ్యకుండా చదువుతూనే ఉంటుంది. మర్నాడు చేసి చూపిస్తే నాన్న మొహం వెలిగిపోయింది. నేనేదో కనిపెట్టినంత పోజు కొట్టాను. (కైలాసగిరి ఎక్కే దారిలాంటి వాలులో మాత్రం ఈ పని చెయ్యకు. న్యూట్రల్‌లో ఉన్న బండిని ఆపేది ఒక్క హ్యాండ్‌బ్రేకే.)

ఇక అసలు కథ. ఒక రోజు ఇల్లు చేరేసరికి వార్తలు ఇంకా అవలేదు. సెల్లార్‌లో అలాగే న్యూట్రల్‌లో ఆపాను. అయిపోయాక నాన్న సౌండు తగ్గించి దిగారు. నేనూ దిగి డోరు మీద బటన్ నొక్కితే లాక్ పడలేదు, కుయ్ కుయ్‌మని అరిచింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అరుపు. తాళంలో ఉండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. నా తెలివి చూడు, ఆ తాళంలోంచి అసలు తాళంచెవి బయటికి లాగి, డోరుకి పెట్టి తిప్పి, దర్జాగా పైకెళ్ళిపోయాను. పాపం అది 'ఒరేయ్, నేనింకా ఆగలేదు' అని మొత్తుకుంటోందని తట్టలేదు. పార్కింగ్‌లో వదిలుంటే కొంతసేపటికి దానంతటదే ఆఫ్ అయ్యేది, ఆ సదుపాయం న్యూట్రల్‌లో లేదు.

తెల్లారి సింహాచలం వెళ్ళాలని అందరం తయారై దిగాం. బటన్ నొక్కితే టకటకటక. అంతే.

రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా 10 గంటలు. స్టీరియో, రోడ్డు రికార్డు చేసే డాష్‌క్యామ్, మేలుకునే ఉన్న బండి కంప్యూటర్లు అన్నీ కలిపి 3 ఆంపియర్లు తాగాయనుకో, 30 ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ మొత్తం 35, అదీ నాలుగేళ్ళ పాతది. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపించాలి, 12.2కి వచ్చిందంటే సగం అయిపోయినట్టే. కారు బ్యాటరీ ఉన్నది ఒక్కసారి ఇంజిన్ని గట్టిగా తిప్పడానికి, ఇన్వర్టర్ బ్యాటరీలా రాత్రంతా కారుతూ ఉండటానికి కాదు.

రెండో అంతస్తు మాస్టారు చొక్కా చేతులు మడిచి "తోద్దాం పదండి" అన్నారు. న్యూట్రల్‌లో ఉంది కాబట్టి తోయడానికైతే కదిలింది. కానీ నాది సీవీటీ అనే రకం ఆటోమేటిక్, తోస్తే స్టార్టయ్యే రకం కాదు. చక్రాలు తిరిగినా ఆ తిప్పుడు ఇంజిన్ దాకా అందదు. అది ఆయనకి నచ్చచెప్పడానికి పది నిమిషాలు పట్టింది. చివరికి పక్క ఫ్లాట్ వాళ్ళ బండి తెచ్చి జంపర్ కేబుల్ వేశాం. ఎర్ర వైరు మొదట మన ప్లస్‌కి, తర్వాత వాళ్ళ ప్లస్‌కి. నల్లది వాళ్ళ మైనస్‌కి, ఆఖరి కొస మన బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజిన్ దగ్గర రంగు లేని ఇనుముకి. ఆఖరి కలపడంలో నిప్పురవ్వ వస్తుంది, అది బ్యాటరీ దగ్గర రాకూడదు.

బండి లేచింది గానీ బ్యాటరీ మళ్ళీ కోలుకోలేదు. కొత్తది నాలుగున్నర వేలు. పాత టెర్మినల్స్ మీద తెల్లగా, ఆకుపచ్చగా పేరుకున్నది చూసి మెకానిక్ "సముద్రం పక్కన ఉంటారా సార్?" అని నవ్వాడు. వేడినీళ్ళతో కడిగి గ్రీజు రాశాడు. నీ బండికి కూడా చూసుకో.

స్టీరియో కుర్రాడు ఇంకో ఉపాయం చెప్పాడు, బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి స్విచ్చి పెడతానని. వద్దన్నాను. ఆ స్విచ్చి ఆపడం కూడా నేనే మర్చిపోతాను. డాష్‌క్యామ్‌కి మాత్రం వోల్టేజ్ తగ్గితే దానంతటదే కట్ అయ్యే కిట్ పెట్టించాను.

నువ్వు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు రేడియో పెట్టి, ఇంజిన్ ఆపి, డోరు తియ్యకుండా కూర్చో. కొన్ని బళ్ళలో డ్రైవర్ డోరు తీసేదాకా రేడియో కాసేపు నడుస్తూనే ఉంటుంది. అలాంటిది దొరికితే నీకు ఈ న్యూట్రల్ విద్యే అక్కర్లేదు. సేల్స్ వాళ్ళని అడిగితే సన్‌రూఫ్ చూపిస్తారు గానీ ఇది చెప్పరు.

నాన్న ఇప్పటికీ బండిలోనే వింటున్నారు. వెళ్ళేముందు గేరు పార్కింగ్‌లోకి మార్చి, ఆఫ్ అయ్యేదాకా బటన్ నొక్కి, నారింజ లైటు ఆరిందో లేదో చూడటం ఆయన డ్యూటీ. రోజూ దిగాక "ఆరిందిరా" అని సెల్లార్ అంతా వినపడేలా చెప్తారు. మాస్టారు పైనుంచి "సంతోషం" అంటారు.

సంక్రాంతికి వస్తానన్నావు కదా. రెండేళ్ళ కింద అరకు వెళ్ళినప్పుడు నా జంపర్ కేబుళ్ళు నీ డిక్కీలో పడేసుకుని పోయావు. ఆ రోజు అవి ఉంటే పక్క ఫ్లాట్ వాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకునే పని తప్పేది. మర్చిపోకుండా తీసుకురా.

నీ
మావ